పైలట్ కొలువు, పత్తి లెక్క

క్వింటాలు 8,110 రూపాయలు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఇది. పైలట్ ఉద్యోగం గురించి రాస్తూ పత్తి ధరతో మొదలుపెట్టడమేమిటి అనిపించవచ్చు. మా కంచికచర్లలో ఎంత పెద్ద ఖర్చయినా పత్తిలోకో మిరపలోకో మార్చి చెబితేనే తలకెక్కుతుంది. ఇంటర్ చదువుతున్న కొడుకు పైలట్ అవుతానని పట్టుబట్టాడని చెబుతూ ఒక రైతు నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. "అంతా కలిపి ఎంతవుద్దండీ?" అన్నది మొదటిది. "పోనీ అంత పెట్టినా, ఆ ఉద్యోగంలో సుఖం ఉంటదా? ఆఫీసు ఉద్యోగమే నయమా?" అన్నది రెండోది. మొదటిదానికి కాగితం, పెన్ను చాలు. రెండోదాని కోసమే ఇంత రాయాల్సి వచ్చింది.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం.

వాణిజ్య పైలట్ లైసెన్సు, అందరూ సీపీఎల్ అనేది, చేతికి రావాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, నిబంధనల ప్రకారం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో 100 గంటలు తానే కెప్టెన్‌గా నడపాలి. 300 నాటికల్ మైళ్ల దూరప్రయాణం ఒకటి చేసి, మధ్యలో రెండు చోట్ల దిగి మళ్లీ లేవాలి. మన కొలతలో అది 555 కిలోమీటర్లు. కంచికచర్ల నుంచి హైదరాబాద్ పోయి వచ్చినా ఇంకా మిగిలే దూరం. వయసు 18 నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్సు, మ్యాథ్స్ ఉండాలి, నావిగేషన్, వాతావరణం, విమాన నిబంధనలు వంటి పేపర్లలో 70 శాతం తెచ్చుకోవాలి. ఎంసెట్ కోసం తెల్లవారుజామున లేచిన పిల్లలకు ఈ పరీక్షలు భయపడాల్సినవి కావు. భయమంతా ఫీజు దగ్గరే.

ఎక్కడ నేర్చుకుంటారు, దేశంలోనా విదేశంలోనా అన్నదాన్ని బట్టి ఖర్చు 50 లక్షల దగ్గర మొదలై కోటి దాకా పోతుంది. లైసెన్సు రాగానే ఎయిర్‌బస్ తాళాలు చేతికివ్వరు. ఏ రకం విమానం నడపాలో దానికి విడిగా టైప్ రేటింగ్ అనే శిక్షణ ఉంది, అదీ లక్షల్లోనే. లెక్క తేలిగ్గా ఉండటానికి 60 లక్షలు అప్పు తెచ్చారనుకుందాం. పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెల వాయిదా దాదాపు 81 వేలు అవుతుంది. దీన్ని 8,110తో భాగించండి: పది క్వింటాళ్లు. నెలనెలా పది క్వింటాళ్ల పత్తి, 120 నెలలపాటు. అసలు 60 లక్షలనే పత్తిగా మారిస్తే 740 క్వింటాళ్లు. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు దిగిందనుకున్నా 92 ఎకరాల ఏడాది పంట. అదీ విత్తనం, పురుగుమందు, తీత కూలి ఏదీ తియ్యకముందు, తేమ పేరు చెప్పి ఎవరూ ధర కొయ్యకముందు. వడ్డీతో కలిపి తిరిగి కట్టేది 97 లక్షలు.

రెండో వైపు చూడండి. ఇంజనీరింగ్ కాలేజీ ఊళ్లోనే ఉంది. అర్హులైతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. నాలుగేళ్లు ఇంటన్నం తిని చదివి పెద్ద ఐటీ కంపెనీలో చేరితే, మొదటి జీతం ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ ఉంటుంది. పదిహేనేళ్లుగా ఈ అంకె పెద్దగా కదిలింది లేదు. పెద్ద విమాన సంస్థలో కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్‌కు నెలకే లక్షన్నర, రెండు లక్షలు వస్తుంది. కెప్టెన్ అయ్యాక ఐదు లక్షలు దాటుతుంది. జీతం ఒక్కటే కొలత అయితే ఆఫీసు ఓడిపోయినట్టే. వ్యాసం ఇక్కడితో ముగిస్తే నాకూ హాయిగా ఉండేది.

ఎవరి గంటలు ఎవరివి

పని గంటలు పోల్చి చూస్తే వింతగా ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల ప్రకారం భారతదేశంలో పనిచేసే మనిషి వారానికి సగటున 46.7 గంటలు పనిచేస్తున్నాడు. సగం మందికి పైగా, 51 శాతం, 49 గంటలు దాటి చేస్తున్నారు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరికి ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాటల్లో అది 90కి పెరిగింది.

పైలట్‌కు మాత్రం గీత గీసి పెట్టారు. ఏడు రోజుల్లో 35 గంటలకు, ఏడాదిలో 1,000 గంటలకు మించి విమానం నడపకూడదు. "వారానికి 35 గంటలేనా!" అని రైతు నోరు వెళ్లబెట్టాడు. అక్కడే చాలామంది పొరబడతారు. అది విమానం కదిలిన దగ్గర నుంచి మళ్లీ ఆగేదాకా లెక్కించిన సమయం మాత్రమే. విమానాశ్రయానికి ముందుగా చేరడం, కాగితాలు, వాతావరణం, ఇంధనం చూసుకోవడం, రెండు ప్రయాణాల మధ్య ఎదురుచూపు, ఇవన్నీ డ్యూటీ కిందికి వస్తాయి గానీ ఆ 35లోకి రావు. డ్యూటీకి వేరే హద్దు ఉంది: ఏడు రోజుల్లో 60 గంటలు, 28 రోజుల్లో 190 గంటలు.

190ని నాలుగు వారాలకు పంచితే వారానికి 47.5 గంటలు. దేశపు సగటు మనిషిది 46.7. తేడా 48 నిమిషాలు. ఒకటి సగటు, ఇంకొకటి దాటకూడని హద్దు కాబట్టి నిజానికి పైలట్‌దే కాస్త తక్కువ కావచ్చు. కాగితం మీద మాత్రం ఇద్దరూ ఒకే పొద్దు కూలికి వెళ్లినవాళ్లే.

తేడా ఎన్ని గంటలన్నదాంట్లో లేదు, ఏ గంటలన్నదాంట్లో ఉంది. తెల్లవారి నాలుగింటికి విమానం లేవాలంటే పైలట్ ఒంటిగంటకే నిద్ర లేవాలి. మరునాడు సాయంత్రం ఆరింటికి పని మొదలు. ఆ పైరోజు ఇంటికి దూరంగా హోటల్ గదిలో కర్టెన్లు మూసుకుని పగటినిద్ర. ఒంట్లో ఉన్న గడియారానికి రోస్టర్ చదవడం రాదు. సేఫ్టీ మ్యాటర్స్ ఫౌండేషన్ అనే సంస్థ 2022లో 542 మంది భారతీయ పైలట్లను అడిగితే, అనుకోకుండా కాక్‌పిట్‌లో కునుకు పట్టిన అనుభవం ఉందని 66 శాతం మంది ఒప్పుకున్నారు. ముగ్గురిలో ఇద్దరు. అమెరికా ప్రాజెక్టులో రాత్రి షిఫ్టు చేసే ఐటీ కుర్రాడికీ కునుకు పడుతుంది, కాకపోతే అతని వెనక 180 మంది బెల్టులు పెట్టుకుని కూర్చుని ఉండరు.

ఇందుకే 2024 జనవరిలో డీజీసీఏ నిబంధనలు మార్చింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు అని తేల్చింది. రాత్రి డ్యూటీలో ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు కుదించింది. ఇవి రెండు విడతల్లో, 2025 జులై 1న కొన్ని, నవంబర్ 1న మిగతావి అమల్లోకి వచ్చాయి. డిసెంబర్ మొదటివారంలో ఏమైందో పేపర్ చదివేవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఇండిగో దగ్గర కొత్త లెక్కకు సరిపడా పైలట్లు లేక ఒక్క 5వ తేదీనే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి, ప్రభుత్వం ఆ సంస్థకు రాత్రి నిబంధనల్లో తాత్కాలికంగా సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. పైలట్‌కు రెండు రోజులు నిద్ర ఇస్తే దేశంలో విమానాలు ఆగిపోయాయంటే, అంతకుముందు అవి ఎవరి నిద్ర మీద ఎగిరాయో వేరే చెప్పాలా?

కీసర టోల్ దగ్గర సంక్రాంతి

మా మండలంలోనే కీసర టోల్‌గేట్ ఉంది. జనవరి రెండో వారంలో అక్కడ నిలబడితే హైదరాబాద్ ఆఫీసు ఉద్యోగాల మేలేమిటో కళ్లతో చూడొచ్చు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోళ్లు దాటుకుని వరసకట్టిన కార్లు. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో కొత్తబట్టలు. నాలుగున్నర గంటల దారికి ఎనిమిది గంటలు పట్టిందని తిట్టుకుంటూనే వస్తారు. పైలట్ ఆ వరసలో ఉండటం అరుదు. జనం కదిలే రోజులే విమాన సంస్థకు కోతల కాలం. కోతలప్పుడు కూలీకి సెలవు ఎవరిస్తారు? అందరూ ఇంటికి పోయే రోజున వాళ్లను ఇంటికి చేర్చే పనిలో ఉంటాడు. పండగ, పెళ్లి, పెద్దకర్మ, ఏదైనా ముందు రోస్టర్‌ను అడగాలి. ఆఫీసు మనిషి నాలుగు రోజులు సెలవు పెట్టి, కుదరకపోతే లాప్‌టాప్ ఇంటి అరుగు మీద పెట్టుకునైనా వస్తాడు. పైలట్‌కు ఇంటి నుంచి పని అన్న మాటే లేదు.

ఇంతవరకు చదివి ఆఫీసే మేలనుకుంటే తొందరపడ్డట్టే. క్యాలెండర్ మీద పైలట్‌కు అధికారం లేదు, నిజమే. పని మీద మాత్రం ఉన్నంత అధికారం ఏ మేనేజర్‌కూ లేదు. విమానం కదిలాక చివరి మాట కెప్టెన్‌ది. సంస్థ చైర్మన్ వెనక సీట్లో కూర్చున్నా అంతే. రన్‌వే కనపడటం లేదనిపిస్తే మళ్లీ పైకి లేపుతాడు, ఇంకో ఊళ్లో దింపుతాడు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండోది, ఆ పని అయిపోతుంది. విమానం ఆగింది, బ్రేకు వేశారు, లాగ్ పుస్తకంలో సంతకం పెట్టారు, అంతటితో సరి. రేపటి ప్రయాణం రేపటిది. దాన్ని ఇంటికి మోసుకుపోవడానికి ఏమీ ఉండదు. ఆఫీసు పనికి ల్యాండింగ్ ఉండదు. శుక్రవారం సాయంత్రం ముగించిన ఫైలు సోమవారం ఇంకో పేరుతో తిరిగొస్తుంది. ఇదంతా నా అభిప్రాయమే కదా అనొచ్చు, సరే, గాలప్ సర్వే చూడండి. ఆ సంస్థ 2024లో వెలువరించిన నివేదికలో జీవితం బాగా సాగుతోందన్న భారతీయ ఉద్యోగులు 14 శాతమే. ప్రపంచ సగటు 34. మిగిలిన 86 శాతం ఏదోలా నెట్టుకొస్తున్నవాళ్లో, బాధపడుతున్నవాళ్లో. వీళ్లలో ఎక్కువమంది నేల మీద పనిచేసేవాళ్లే.

అలాగని ఆకాశంలో అందరూ ఆనందంగా ఉన్నారనుకోవద్దు. హార్వర్డ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మానసిక ఆరోగ్యం ప్రశ్నలకు పేరు చెప్పకుండా జవాబిచ్చిన 1,848 మంది పైలట్లలో 233 మందికి, అంటే 12.6 శాతానికి, కుంగుబాటు లక్షణాలు కనపడ్డాయి. పేరు చెప్పకుండా అన్నది ఇక్కడ ముఖ్యం. డాక్టర్‌కు చెబితే వైద్య ధ్రువపత్రం పోతుందేమో, అది పోతే జీతం పోతుంది. ఆఫీసులో నడుం నొప్పి వస్తే సెలవు పెడతారు. పైలట్‌కు ఏటా, వయసు మీరాక ఆరు నెలలకోసారి వైద్య పరీక్ష. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో నైపుణ్య పరీక్ష: ఇంజిన్ ఆగిపోయింది, పొగ వస్తోంది, ఇప్పుడేం చేస్తావు అని. ప్రయాణానికి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదు, ఊది చూపించాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, 65 ఏళ్లు వచ్చేదాకా, ఇంటర్ పరీక్షలు అవుతూనే ఉంటాయి.

కొందరికి ఇదే నచ్చుతుంది. మేనేజర్ మూడ్ బట్టి అప్రైజల్ రేటింగ్ రావడం కంటే, చేతనవునో కాదో యంత్రం ముందు తేలిపోవడం న్యాయంగా ఉంటుంది. నా మట్టుకు నాకు ఇది పెద్ద మాటే.

పడిపోయే రోజు

2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్. 2023 మే 3న గో ఫస్ట్. పదకొండేళ్లలో మూడు పెద్ద సంస్థలు మూతపడ్డాయి. మధ్యలో కరోనా: 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశీయ ప్రయాణికుల విమానాలు కదలనే లేదు. ఎగిరిన గంటలను బట్టి డబ్బు వచ్చే కొలువులో రెండు నెలలు సున్నా గంటలు. వాయిదా మాత్రం ఆ పది క్వింటాళ్లే.

ఐటీ వైపు కూడా భద్రత అంటూ చెప్పుకోవడానికి ఏముంది? 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తగ్గిస్తామంది. అయితే అక్కడ పోయినవాడు అమీర్‌పేటలో ఒక కోర్సు చేసి ఇంకో కంపెనీ తలుపు తట్టగలడు. తట్టడానికి వందల తలుపులు ఉన్నాయి. పైలట్‌కు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఖాళీగా ఉన్నన్నాళ్లూ లైసెన్సు చెల్లుబాటు కోసం తిరిగి డబ్బు పెట్టాలి.

"పైలట్ల కొరత" అన్న హెడ్డింగులను కూడా ఒకసారి భాగహారం చేసి చూడాలి. మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు 2025లో చెప్పిన ప్రకారం దేశంలో పనిచేస్తున్న పైలట్లు ఆరేడు వేల మంది, రాబోయే 15–20 ఏళ్లలో 30 వేల మంది అవసరం. ఏడాదికి 1,500 నుంచి 2,000 అన్నమాట. 2023లో డీజీసీఏ ఇచ్చిన సీపీఎల్‌లు 1,622. అంటే వచ్చేవాళ్లు, కావాల్సినవాళ్లు దాదాపు సమానం. కొరత ఉన్నది వేల గంటల అనుభవం ఉన్న కెప్టెన్లకు. 200 గంటల పిల్లాడికి వరస ఉంటుంది. ఈ ముక్క శిక్షణ సంస్థల ప్రకటనల్లో కనపడదు.

విజయవాడ నుంచి ఇద్దరు

ఇంత లెక్క చెప్పాక, లెక్కను దాటి వెళ్లినవాళ్ల పేర్లూ చెప్పాలి. దూరం పోనక్కర్లేదు, ముప్పై, నలభై కిలోమీటర్ల అవతల విజయవాడ నుంచే వెళ్లారు. సైన్యంలో పనిచేసి వచ్చిన తండ్రి అక్కడ స్థిరపడ్డాక ఆ ఊళ్లో పెరిగిన అనీ దివ్య, 17 ఏళ్లకు రాయబరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ జాతీయ విమానయాన అకాడమీలో చేరింది. 19 ఏళ్లకు ఎయిరిండియాలో ఉద్యోగం. 2017లో, 30 ఏళ్లకు, బోయింగ్ 777 నడిపే కమాండర్లలో ప్రపంచంలోనే అతి పిన్న వయసు మహిళగా పేరు తెచ్చుకుంది. ఇంగ్లీషు సరిగా రాక మొదట్లో ఇబ్బంది పడ్డానని ఆమే చెప్పుకుంది. ఇక్కడి ఆడపిల్లల తల్లిదండ్రులు ఇంకో అంకె గుర్తుంచుకోవాలి: మన దేశ పైలట్లలో మహిళలు 15 శాతం దాకా ఉన్నారు, ప్రపంచ సగటు 5 శాతం చుట్టూ. మనం వెనకబడని లెక్క ఇదొకటి.

రెండోవారు తోటకూర గోపీచంద్. విజయవాడలో పుట్టి, అమెరికాలో విమానయానం చదివి, వైద్య విమానాలు, సీప్లేన్లు, గ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు అన్నీ నడిపిన పైలట్. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వ్యోమనౌకలో 100 కిలోమీటర్ల ఎత్తు దాటి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఆ పది నిమిషాల గురించే అందరూ రాశారు. నాకు ఆసక్తి కలిగించింది వేరే: అట్లాంటా విమానాశ్రయం దగ్గర ఆయన ఒక ఆరోగ్య కేంద్రానికి సహ వ్యవస్థాపకుడు కూడా. అంత ఎగిరినవాడు కూడా నేల మీద ఒక పని పెట్టుకున్నాడు.

మళ్లీ రైతు దగ్గరికి వస్తాను. సుఖం ఉంటుందా అని అడిగాడు. నాకు తోచింది ఇది: ఆఫీసులో మీ క్యాలెండర్ కాస్త మీ చేతిలో ఉంటుంది, పని మీ చేతిలో ఉండదు. కాక్‌పిట్‌లో పని పూర్తిగా మీ చేతిలో, క్యాలెండర్ అస్సలు కాదు. ఏది పోయినా ఓర్చుకోగలడో అబ్బాయి చెప్పాలి, మీరూ నేనూ కాదు. జీతం ఐటీ ఫ్రెషర్‌తో సమానమైనా ఇదే చేస్తానంటే పంపండి. కెప్టెన్ జీతం చూసి అడుగుతున్నాడంటే ఆపండి. పొలం మొత్తం అమ్మి మాత్రం పంపొద్దు. ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైనా వాయిదా కట్టే దారి ముందే చూసుకోవాలి.

ఇంకొకటి. శిక్షణకు ముందు డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గర క్లాస్ 2 వైద్య పరీక్ష, ఆ తర్వాత లైసెన్సుకు క్లాస్ 1 పరీక్ష పాసవ్వాలి. కళ్లు, చెవులు, గుండె, రంగులు గుర్తుపట్టడం అన్నీ అందులో చూస్తారు. రంగుల తేడా తెలియని సంగతి అప్పటిదాకా చాలామందికి తెలియనే తెలియదు. ఆ మొదటి పరీక్ష ఒకటి రెండు క్వింటాళ్ల పత్తి ఖరీదులో అయిపోతుంది. అకాడమీకి అడ్వాన్సు కట్టకముందే, బ్యాంకులో పాసుపుస్తకం పెట్టకముందే పిల్లాడికి ఆ పరీక్ష చేయించండి.